ఎడంగా పేరిస్తే ఎక్కువైపోతాయా?

మాది విశాఖ, పెదవాల్తేరు. పాపకి నాలుగున్నరేళ్లు. ఆర్కే బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వల్ని చిన్నవి, పెద్దవి, చారలున్నవి అని చకచకా వేరు చేసేస్తుంది. పది దాకా లెక్కపెడుతుంది కూడా. చిక్కల్లా పోల్చడంలోనే. ఆరు గవ్వలకి ఎదురుగా ఆరు చింతపిక్కలు పేరిస్తే సమానం అంటుంది. పిక్కల్ని కాస్త ఎడంగా జరిపామా, "ఇవే ఎక్కువమ్మా!" లెక్కపెట్టించినా మాట మార్చదు.

ఈ వయసులో వరుస పొడవు చూసి అలా అనుకోవడం మామూలేనని, ఆరేడేళ్లకి సర్దుకుంటుందని పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన మనస్తత్వవేత్త పియాజే చెప్పాడట. కాబట్టి నాకు టెన్షన్ లేదు, మా అత్తగారికే ఉంది. ప్రస్తుతం గవ్వకో పిక్క చొప్పున జతలు పెట్టిస్తున్నాను. ముందు మిగిలినవి చూపించి ఎక్కువ, తక్కువ చెప్పించాలా, లేక జతలతో పాటే అంకెలూ చెప్పించాలా? అంగన్‌వాడీ, ఎల్‌కేజీ టీచర్లెవరైనా ఉంటే చెప్పండి. వర్క్‌షీట్లు మాత్రం వద్దండీ, వాటితో పడవలు చేసేస్తోంది.