చర్చ: పాఠం జరిగేటప్పుడు పిల్లల చేతికి ట్యాబ్ ఇవ్వవచ్చునా?

ఉదయగిరి మాస్టారు:
2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచినప్పటి నుండి ఈ వాదన తెగడం లేదు. నేను జీవశాస్త్రం చెబుతాను. గుండె కవాటాలు తెరుచుకొని మూసుకొనే తీరును నల్లబల్ల మీద ఎన్ని బొమ్మలు గీసినా చూపలేకపోయాను. అదే ట్యాబ్‌లో చూసిన ఒక పిల్లవాడు నేను చెప్పకుండానే తన మణికట్టు పట్టుకొని నాడి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అందుకే ఇవ్వాలంటాను.

కావలి తల్లి:
మా అమ్మాయి యాప్‌లో భిన్నాల పాఠం పూర్తిచేసినట్లు చూపుతున్నది. ఇంట్లో 3/4కు 1/8 కలపమని కాగితం ఇస్తే 4/12 అని రాసింది. యాప్‌లో ఎలా చేశావని అడిగితే, ఇచ్చిన నాలుగు జవాబులనూ పచ్చరంగు వచ్చేదాకా ఒకదాని తరువాత ఒకటి నొక్కానని చెప్పింది.

ఒంగోలు పాఠకుడు:
మార్కాపురం పలక మీద దిద్దుకొని చదువుకున్నవాళ్ళం మేము. సిగ్నల్ అందని ఊళ్ళలో ఈ యాప్‌లు ఎందుకు?

ఉదయగిరి మాస్టారు:
పాఠాలు ట్యాబ్‌లోనే ఉంటాయి కనుక వాటిని చూడటానికి సిగ్నల్ అక్కరలేదు.

ఒంగోలు పాఠకుడు:
కొత్త పాఠాలు ఎక్కించాలంటే కావాలి కదా? దానికి జవాబు చెప్పండి.

కావలి తల్లి:
సిగ్నల్ సంగతి తరువాత చూద్దాం. ట్యాబ్ పిల్లల చేతిలో పెట్టి కుర్చీలో కూర్చుంటే మాస్టార్లకు సుఖమే, నష్టపోయేది మా పిల్లలు.

ఉదయగిరి మాస్టారు:
ఆ మాట వెనక్కి తీసుకోండమ్మా. 2022 ఆగస్టు నుండి ఫోనుకు ముఖం చూపి హాజరు వేసుకున్నాం, మధ్యాహ్న భోజనం ఫోటోలు, మరుగుదొడ్ల ఫోటోలు ఎక్కించాం, ఆ పైన పాఠాలూ చెప్పాం. ఇరవై రెండేళ్ళ సర్వీసులో కుర్చీలో కూర్చొని పాఠం చెప్పినవాడిని కాను. మీ అమ్మాయి 4/12 అని రాస్తే, హారాలు సమానం చేయకుండా కలపకూడదని ఆమె లెక్కల మాస్టారు అప్పుడే చెప్పి ఉండాలి. అది యాప్ తప్పు ఎలా అవుతుంది?

కావలి తల్లి:
చెప్పడానికి మాస్టారు ఉంటే కదా. రెండేళ్ళుగా మా బడిలో లెక్కల పోస్టు ఖాళీగా ఉన్నది. మిమ్మల్ని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, కానీ నా బాధ ఇదీ.

ఉదయగిరి మాస్టారు:
ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే నేనూ అంత గట్టిగా మాట్లాడేవాడిని కాను. మా తరగతిలో ఆ బొమ్మ పనికివచ్చింది నేను పక్కన నిలబడి అడిగినదానికల్లా చెప్పాను కనుకనే. అయినా ఒక్క మాట: మాస్టారు వచ్చేవరకు పిల్ల ఉత్తినే కూర్చోవడం కంటే ఆ పాఠం చూడటం మేలు కాదా?

కావలి తల్లి:
నేనూ మొదట అలాగే అనుకున్నాను. పోయిన నెల పోస్టు కోసం అర్జీ పట్టుకొని వెళ్తే, "ట్యాబ్‌లో పాఠాలన్నీ ఉన్నాయి కదమ్మా" అని చెప్పి ఆ కాగితం నా చేతికే తిరిగి ఇచ్చారు.