‘గూడూ నీడా’లో నీడ ఏ నీడ?

సంస్కృతంలో ‘నీడము’ అంటే పక్షిగూడు కదా! మరి ‘గూడూ నీడా లేనివాడు’ అన్నప్పుడు, ‘సిగ్గూ లజ్జా’ లాగా ఒకే అర్థాన్ని రెండు భాషల్లో చెబుతున్నామా? పెద్దలు చెప్పగలరు.

— మంచి ప్రశ్న అండీ. అమరకోశం కులాయము, నీడము రెండింటినీ గూటికే చెప్పింది. నీడజమంటే పక్షి. ఇంగ్లీషు నెస్ట్ కూడా ఆ నీడానికి చుట్టమే. కానీ మన జంటపదంలోది చెట్టు నీడే అని నా గట్టి నమ్మకం. తమిళ నిళల్, కన్నడ నెరళు దీనికి తోబుట్టువులు. ‘నిలువ నీడ లేదు’, ‘నీడపట్టున కూర్చో’ అంటాం, అక్కడ గూడన్న అర్థం పొసగదు. మే నెల మధ్యాహ్నం అమీర్‌పేటలో బస్సు కోసం నిలబడినవాళ్లకు, గూటి పక్కన నీడను ఎందుకు చేర్చారో వేరే చెప్పక్కర్లేదు.

అసలు ముచ్చట గూడుది. మా బాల్కనీలో ఏసీ పెట్టె వెనక పావురం గూడు పెట్టింది. పది చీపురుపుల్లలు, ఒక కేబుల్ ముక్క, రెండు తెల్లటి గుడ్లు. పుల్లల సందుల్లోంచి కింద సిమెంటు కనిపిస్తోంది. గిజిగాడేమో గడ్డిపోచలు చీల్చి, ముడులు వేసి, కొమ్మ చివర సొరకాయ బుర్రలా వేలాడగడుతుంది. రెండింటికీ మనది ఒకటే మాట. ఎందుకంటే గూడు పనితనం అడగదు, లోపల ఏదైనా పట్టే చోటుంటే చాలు. సాలెగూడు, పట్టుగూడు, ఎముకల గూడు, పైకప్పున్న గూడుబండి, అన్నీ అంతే.

‘దిగులు గుండెలో గూడు కట్టుకుంది’ అనే మాట నాకు ప్రాణం. పిట్ట పుల్ల తర్వాత పుల్ల తెచ్చినట్టు, దిగులు మనకు తెలియకుండానే పేరుకుంటుంది. కోపాన్ని ఎవరూ అలా అనరు, అది భగ్గుమంటుంది. పార్టీలు మారేవాళ్లందరినీ పేపర్లు ‘సొంత గూటికి’ చేర్చడం మాత్రం నాకు నచ్చదు. పొద్దుపోయాక పిల్లల కోసం వచ్చే పిట్ట మాట అది.

— గోడలోని గూటిని మరిచిపోయారు! మా అమ్మమ్మది సిద్దిపేట వైపు. దీపాలవేళకే అన్నం పెట్టేసి ‘గూట్లె దీపం, నోట్లె ముద్ద’ అనేది. ఆ ఇంట్లో ఇప్పుడు కరెంటు ఉంది, గూట్లో అగ్గిపెట్టె, సెల్ ఛార్జరు పెడుతున్నారు. రెండుసార్లు సున్నం వేసినా, గూటి పైన దీపం మసి నల్లగా కనిపిస్తూనే ఉంది.