మొదటి రిఫార్మర్ పిలాటీస్ ఇంటర్వల్ క్లాస్‌కి ఎలా సిద్ధమవ్వాలి?

వచ్చే వారం చేరుతున్నానండి. నేల మీద చాప వేసుకుని చేసే మ్యాట్ పిలాటీస్ వ్యాయామాలు కొంచెం అలవాటే కానీ రిఫార్మర్ అనే ఆ స్ప్రింగుల మెషీన్ ఎప్పుడూ ఎక్కలేదు, పైగా మధ్యమధ్యలో స్పీడుగా చేయిస్తారట, అందరిముందూ వెనకబడతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం వేసుకోవాలి, ఏం తినాలి?

జవాబు 1: పావుగంట ముందే వెళ్లండి, అన్నిటికన్నా అదే ముఖ్యం. ముందుకీ వెనక్కీ జరిగే బల్ల, అంటే క్యారేజ్ కింద స్ప్రింగులుంటాయి, వాటిని తగిలించడం, తీయడం, కాళ్లు ఆనించే ఫుట్‌బార్ మార్చడం ఒకసారి మీ చేత్తో చేసి చూసుకుంటే సగం కంగారు అక్కడే పోతుంది. స్ప్రింగులు తగ్గిస్తే అన్నీ తేలికవుతాయని మాత్రం అనుకోకండి. పడుకుని కాళ్లతో తోసేటప్పుడు నిజమే, కానీ చేతులు, కాళ్ల మీద ఒంటిని తిన్నగా నిలిపి ఉంచే ప్లాంక్‌లో స్ప్రింగు తక్కువైతే క్యారేజ్ జారిపోతూనే ఉంటుంది, దాన్ని ఆపాల్సింది మీ పొట్ట కండరాలే!

జవాబు 2: అడుగున రబ్బరు చుక్కలుండే గ్రిప్ సాక్సులు, ఒంటికి పట్టి ఉండే బట్టలు. భోజనం రెండు గంటల ముందే కానిచ్చేయండి. నడుంనొప్పి, మోకాలినొప్పి, ప్రెగ్నెన్సీ లాంటివి ఉంటే మొహమాటపడకుండా ట్రైనర్‌కి ముందే చెప్పండి.

జవాబు 3: పక్కవాళ్ల స్పీడు చూడొద్దు. క్యారేజ్ వెనక్కొచ్చి ఠప్‌మని కొట్టుకుంటోందంటే పని మీరు కాదు, స్ప్రింగు చేస్తోంది, వెంటనే నెమ్మదించండి. దిగేటప్పుడు అది పూర్తిగా వెనక్కి చేరి ఆగాకే కాలు కింద పెట్టాలి. ఆయాసంలో అందరూ మర్చిపోయేది ఇదే.

అడిగినవారు: చాలా థాంక్సండి, సాక్సుల సంగతి అసలు తెలియదు, ఇవాళే కొంటాను.