అప్‌డేట్: ఆప్తులను కోల్పోయిన కుటుంబాలతో ఏడాది పని

క్యాన్సర్ వార్డులో మెడికల్ సోషల్ వర్కర్‌గా ఉన్న నేను, ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలకు తోడ్పడే పనిలోకి పూర్తిగా మారవచ్చా అని నిరుడు ఇక్కడ అడిగాను. ముందు పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ) బృందంతో ఇళ్లకు తిరిగి చూడమన్న సలహాను పాటించి, హైదరాబాద్‌లో అలాంటి ఒక బృందంలో చేరాను.

ఊహించిన పనికీ చేస్తున్న పనికీ చాలా తేడా ఉంది. తొలి రోజుల్లో కుటుంబాలు అడిగేది ఓదార్పు కాదు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించడం, బ్యాంకు ఖాతా, పింఛను వంటి విషయాలే. ఆ కాగితాల దగ్గర కూర్చున్నప్పుడే అసలు మాటలు మొదలవుతాయి. పెద్దకర్మ దాకా బంధువులతో నిండి ఉన్న ఇల్లు ఆ తర్వాత ఒక్కసారిగా బోసిపోతుంది గనుక, నేను ఎక్కువగా ఫోన్ చేసేది మూడో వారం నుంచే. భర్త పోయిన ముస్లిం స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ (వీలైనంతవరకు ఇంట్లోనే గడిపే సంతాప కాలం) పాటిస్తుంది కాబట్టి, ఆమెను రమ్మనకుండా మేమే వెళ్తాం.

దుఃఖంలో ఉన్నవారు పోయిన మనిషి తలపులకూ మిగిలిన బతుకు పనులకూ మధ్య ఊగిసలాడుతుంటారని స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు 1999లో ప్రతిపాదించిన నమూనా, ఒకావిడ ఏడుస్తూనే లేచి పిల్లవాడికి క్యారేజీ సర్దినప్పుడు నాకు అర్థమైంది. (దుఃఖంలో వస్తాయని తరచూ చెప్పే నిరాకరణ, కోపం వంటి ఐదు దశలు వరుసగా రావడం మాత్రం నేనింకా చూడలేదు.)

జీతం తగ్గింది. సీనియర్‌తో క్రమంగా కేసులు చర్చించే వీలు లేని చోట చేరవద్దన్న హెచ్చరిక అన్నిటికన్నా పనికొచ్చింది. మా నాన్నగారి సంవత్సరీకం నెలలో, అలాంటి చర్చ తర్వాతే, రెండు కేసులను నేను సహోద్యోగికి అప్పగించవలసి వచ్చింది.