బ్లూప్రింట్ కాపీ కొట్టాక ఫ్యాక్టోరియో మీద మనసు విరిగిపోయింది, మీరు గైడ్ ఎక్కడ చూస్తారు ఎక్కడ చూడరు?

రాత్రిబండి:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ అడగాలనిపించింది.

ఫ్యాక్టోరియో అనే ఫ్యాక్టరీ కట్టే గేమ్ నెల రోజులు పిచ్చిపట్టినట్టు ఆడా. మొదటిరోజు రాతి కొలిమిలో చేత్తో బొగ్గు వేస్కుంటూ ఇనుప ప్లేట్లు తీసిన దగ్గర్నుంచి బెల్టులు, ఇన్సర్టర్లు (సరుకు అందించే మరచేతులు), కొత్త టెక్నాలజీకి ఖర్చయ్యే ఎర్ర సైన్స్, ఆకుపచ్చ సైన్స్ ప్యాకుల దాకా మొత్తం నేనే కట్టుకున్నా. చూడ్డానికి వంకరటింకరగా ఉండేది కానీ ఏ బెల్టు ఎందుకు అటు తిరిగిందో నాకు తెలుసు. అడ్వాన్స్‌డ్ ఆయిల్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయా. నాక్కావాల్సింది పెట్రోలియం గ్యాస్, కానీ దాంతోపాటు హెవీ ఆయిల్, లైట్ ఆయిల్ కూడా వస్తాయి, వాటికి దారి చూపించకపోతే ట్యాంకులు నిండిపోయి రిఫైనరీ మొత్తం నిలిచిపోతుంది. రెండు రాత్రులు తల పట్టుకుని కూర్చున్నా, మూడో రాత్రి ఇక ఓపిక లేక ఎవరో పెట్టిన బ్లూప్రింట్, అంటే రెడీమేడ్ డిజైన్, తెచ్చి అతికించేశా. బ్రహ్మాండంగా పనిచేసింది. అప్పట్నుంచి ప్రతిదానికీ బ్లూప్రింటే, ప్లాస్టిక్‌కి ఒకటి, బ్లూ సర్క్యూట్‌కి ఒకటి, రైలు జంక్షన్‌కి ఒకటి. కొద్దిరోజులకే ఆట గమ్యమైన రాకెట్ ఎగిరింది, నాకు ఏమీ అనిపించలేదు. నా ఫ్యాక్టరీలో నేనే అద్దెకున్నట్టు ఉంది, ఏదైనా ఆగిపోతే ఎక్కడ చూడాలో కూడా తెలీదు.

మాటల దిమ్మెల్ని తోసి ఆట రూల్స్‌నే మార్చే పజిల్ బాబా ఈజ్ యూ లోనూ ఇంతే జరిగింది. ఒక లెవెల్‌కి వీడియో చూసేశా, అరనిమిషంలో అయిపోయింది. తర్వాత లెవెల్‌లో అదే కిటుకు ఇంకోలా వాడాలి, నాకు తట్టనే లేదు, ఎందుకంటే ముందుది నేను కనిపెట్టింది కాదుగా.

అందుకే అడుగుతున్నా, మీరు గైడ్ విషయంలో గీత ఎక్కడ గీసుకుంటారు? ఇరుక్కున్నా విసుగు రాకుండా ఆడుకునే గేమ్ ఏదన్నా ఉంటే అదీ చెప్పండి. స్ట్రాటజీ, సిమ్యులేషన్, పజిల్ ఏదైనా పర్లేదు, చిన్న టీమ్ చేసినదైతే ఇంకా ఇష్టం.


గడులమనిషి:
బ్రో నాకూ అచ్చం ఇలాగే అయ్యింది కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తా, ఏమనుకోకు.

నేను పెట్టుకున్న నియమం ఒకటే. అంకెలు కావాలంటే బయట వెతుకుతా, గేమ్ అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం వెతకను. ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్ తీస్కో, నేల లోపల కాలనీ కట్టి మనుషుల్ని బతికించే గేమ్. అందులో ఎలక్ట్రోలైజర్ సెకనుకి 1 కిలో నీళ్లు తాగి 888 గ్రాముల ఆక్సిజన్, 112 గ్రాముల హైడ్రోజన్ ఇస్తుంది, మన మనుషులు ఒక్కొక్కరూ సెకనుకి 100 గ్రాముల ఆక్సిజన్ పీలుస్తారు, అంటే ఒక్క మెషీన్ మీద దాదాపు 8 మంది బతకొచ్చు. ఈ లెక్క వికీలో చూస్తే తప్పేం లేదు. అసలు ప్రశ్న ఏంటంటే ఆ హైడ్రోజన్‌ని ఏం చెయ్యాలి? ఆ గేమ్‌లో హైడ్రోజన్ తేలిక కాబట్టి పైకి చేరుతుంది, కార్బన్ డయాక్సైడ్ బరువు కాబట్టి అడుక్కి దిగుతుంది. మరి గది పైకప్పు కింద ఒక పంపు పెట్టి, ఆ హైడ్రోజన్‌ని జెనరేటర్‌కి కలిపి, ఆ కరెంటుతోనే ఎలక్ట్రోలైజర్ నడపొచ్చు కదా అని ఒకరోజు స్నానం చేస్తుంటే తట్టింది, తల కూడా సరిగ్గా తుడుచుకోకుండా వచ్చి కూర్చున్నా. ఇది జనం ఎప్పుడో కనిపెట్టి దానికి పేరు కూడా పెట్టేశారని తర్వాత తెలిసింది. అయినా సరే నా వరకు అది నేను కట్టిందే. అందులోంచి ఆక్సిజన్ 70 డిగ్రీల వేడితో బయటికొస్తుందని నేను పట్టించుకోలేదు, కొన్నాళ్లకి బేస్ అంతా కాగిపోయి మొక్కలు ఎదగడం మానేశాయి. ఆ వేడితో ఏం చెయ్యాలా అని ఇంకో వారం పట్టింది నాకు, నిజం చెప్తున్నా మొత్తం గేమ్‌లో నాకు బాగా గుర్తున్నది ఆ వారమే.

ఫ్యాక్టోరియోలో అయితే అంకెలకి బయటికెళ్లే పని కూడా లేదు, అన్నీ గేమ్‌లోనే ఉంటాయి. ఆకుపచ్చ సర్క్యూట్‌కి 3 రాగి తీగలు, 1 ఇనుప ప్లేటు కావాలి. ఒక రాగి ప్లేటుకి 2 తీగలొస్తాయి. రెండిటికీ పట్టేది అరసెకనే. కాగితం మీద రాసుకుంటే 3 తీగ మెషీన్లు 2 సర్క్యూట్ మెషీన్లకి సరిగ్గా సరిపోతాయి, ఒక్క తీగ మిగలదు, తక్కువ రాదు. ఆ లెక్క తేలినప్పుడు వచ్చే ఆనందం ఉంది చూడు, బ్లూప్రింట్ అతికిస్తే పోయేది అదే.

కొత్త సేవ్ మొదలుపెట్టు, బ్లూప్రింట్ పుస్తకం ఖాళీ చేసెయ్, నువ్వు కట్టినవే అందులో దాచుకో. ఆయిల్ గురించి ఒక్క మాట చెప్తా: ట్యాంకు నిండుతోందని పంపుకి ఎలా తెలుస్తుంది? ఇంతకంటే చెప్పను.


వానచుక్క:
నేను దీంతో పూర్తిగా ఒప్పుకోనండి. పాప పడుకున్నాక నాకు దొరికేది ముప్పావు గంట, ఒక్కోరోజు అదీ ఉండదు. వారం పాటు ఒకే చోట ఆగిపోతే ఆ వారం నేను ఆడనట్టే లెక్క.

పల్లెలో వ్యవసాయం చేసుకునే గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీ ఆడినన్నాళ్లూ ఫోన్‌లో వికీ తెరిచే ఉండేది. ఎవరికి ఏ బహుమతి నచ్చుతుంది, ఏ చేప వాన పడితేనే దొరుకుతుంది అన్నీ చూసుకునేదాన్ని. అందులో ఒక్కో సీజన్ 28 రోజులే, సీజన్ చేప ఒకటి తప్పిపోతే దాదాపు మళ్లీ ఏడాది తిరిగి రావాల్సిందే, నాకున్న టైంలో ఆ ఏడాది అంటే రెండు నెలలు. అయినా ఆ గేమ్ నాకు ఒక్కరోజు కూడా చప్పబడలేదు. ఎందుకంటే నేను అందులోకి వెళ్లేది ఏదో కనిపెట్టడానికి కాదు, పొద్దున్నే లేచి మొక్కలకి నీళ్లు పోసి కోళ్లని పలకరించడానికి. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగున్నరేళ్లు కూర్చుని బొమ్మలు, సంగీతం, కోడు అన్నీ తనే చేసి 2016లో తెచ్చిన గేమ్ అది, ఆ శ్రద్ధ ప్రతి మూలా కనపడుతుంది, వికీ చూసినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు.

కాబట్టి గైడ్ చూడ్డం తప్పా ఒప్పా అని కాకుండా, మీకు ఆ గేమ్‌లో ఏది ఇష్టమో చూస్కోండి. రాత్రిబండి గారికి కట్టడం ఇష్టం, కట్టే పని ఇంకొకరికి అప్పజెప్పేశారు, అందుకే చేదైంది.

నాలా టైం తక్కువున్నవాళ్లకి మినీ మెట్రో చెప్తాను. గుండ్రం, త్రికోణం, చదరం ఆకారాల్లో స్టేషన్లు పుట్టుకొస్తుంటాయి, గీతలు గీసి కలపాలి, గేమ్‌లో వారం గడిచినప్పుడల్లా కొత్త లైనో, బోగీయో, సొరంగమో ఇస్తారు. ఎక్కడో ఒకచోట జనం కిక్కిరిసిపోయి ఆట అయిపోతుంది, అప్పుడు ఆ గీతల్ని చూస్తే ఎక్కడ తప్పు చేశామో మనకే కనపడిపోతుంది. గైడ్ అక్కర్లేదు, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది.


ఉడతసాయం:
బాబా గురించి మాత్రం చెప్తా. అందులో 200 పైనే లెవెల్స్ ఉన్నాయి, ముందుకి పోవడానికి అన్నీ పూర్తిచెయ్యక్కర్లేదు, ఇరుక్కుంటే పక్కదానికి పో.

ఇంకోటి, బాబాని కదిలించే ముందు మాటల్ని చూడు. ఏది తొయ్యగలం, ఏది మూలకి చేరి ఉంది? మూలలో ఇరుక్కున్న రూల్‌ని దాదాపు ఎప్పుడూ విరగ్గొట్టలేం, అంటే దాన్ని అలాగే ఒప్పుకుని మిగతావాటితో పని కానివ్వాలి. అలా తీసేసుకుంటూ పోతే చివరికి ఆడుకోడానికి మూడు నాలుగు మాటలే మిగులుతాయి. ఇలా చూడ్డం అలవాటయ్యాక నాకు వీడియో అవసరం బాగా తగ్గిపోయింది.


రాత్రిబండి:
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. వానచుక్క గారూ, కట్టే పని వేరేవాళ్లకి అప్పజెప్పేశారు అన్నారు చూడండి, సరిగ్గా అదే జరిగింది.

ఇన్‌టు ద బ్రీచ్ ఎవరైనా ఆడారా? 2012లో ఎఫ్‌టీఎల్ అనే గేమ్ తెచ్చినవాళ్లదే అని తెలుసు. ఎఫ్‌టీఎల్ నాకు నచ్చింది కానీ కొన్నిసార్లు ఎంత బాగా ఆడినా చివర్లో అదృష్టం దెబ్బకొట్టినట్టు అనిపించేది, ఇదీ అంతేనా?


చివరిమెక్:
తమ్ముడూ నువ్వు వెతుకుతున్నది ఇదే, ఆలోచించకుండా తీస్కో.

2018లో వచ్చింది. 8 గడులు అడ్డం, 8 గడులు నిలువు, నీ చేతిలో 3 మెక్‌లు (యుద్ధ రోబోలు), ఎక్కువ యుద్ధాలు ఐదు టర్న్‌ల లోపే అయిపోతాయి. శత్రువులు, అంటే రాక్షస పురుగులు, ఈ టర్న్‌లో ఎవరిని కొట్టబోతున్నారో నీకు ముందే చూపించేస్తుంది, ఎవరి తర్వాత ఎవరు కొడతారో కూడా. నువ్వు కొడితే తగులుతుందా లేదా అనే లాటరీ లేదు, ఎంత అన్నావో అంతే తగులుతుంది. ఏ పురుగు ఎక్కడ లేస్తుందో ప్రతిసారీ మారుతుంది కాబట్టి నీ ముందున్న టర్న్‌కి జవాబు ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఉండదు, కాపీ కొడదామన్నా దొరకదు. నీ జబ్బుకి మందు అదే.

ఒక టర్న్ చెప్తా, ఇప్పటికీ మర్చిపోలేదు. పవర్ గ్రిడ్ ఒక్క గీత మీద ఉంది, ఒక్క బిల్డింగ్‌కి దెబ్బ తగిలినా అంతా పోయినట్టే. ఎడమన నీళ్ల పక్కన స్కార్పియన్ అనే పురుగు, దాని కుడివైపు ఒక ఖాళీ గడి, ఆ గడికి అవతల ఫైర్‌ఫ్లై అనే ఇంకో పురుగు. ఫైర్‌ఫ్లై పైకి గురిపెట్టింది, ఆ నిలువు వరసలో నా బిల్డింగ్. నా మెక్‌లు రెండు దూరంగా ఉన్నాయి, ఆర్టిలరీ ఒక్కటే అందుతుంది, దాని దెబ్బ ఏమో 1. స్కార్పియన్‌ని కొట్టినా చావదు, ఫైర్‌ఫ్లైని కొట్టినా చావదు. పది నిమిషాలు ఊరికే స్క్రీన్ చూస్తూ కూర్చున్నా. అప్పుడు వెలిగింది, ఆర్టిలరీ షెల్ పడిన గడికి నాలుగు పక్కలా ఉన్నవి ఒక్కో గడి బయటికి జరుగుతాయి కదా, ఎవరినీ కొట్టకుండా మధ్యలో ఖాళీ గడి మీద వేస్తే? వేశా. స్కార్పియన్ ఎడమకి జరిగి నీళ్లలో పడి మునిగిపోయింది. ఫైర్‌ఫ్లై కుడికి జరిగింది, దాని గురి ఇంకా పైకే ఉంది, కానీ ఇప్పుడు పక్క వరసలోకి, ఆ వరసలో ఇంకో పురుగు నిలబడి ఉంది. దాన్ని అదే కొట్టుకుని చంపింది. ఒక్క షెల్, అదీ ఎవరి మీదా వెయ్యలేదు. లేచి గదిలో అటూ ఇటూ తిరిగొచ్చా.

మెక్ జరిపాక నచ్చకపోతే, దెబ్బ వెయ్యకముందే అయితే, వెనక్కి తీసుకోవచ్చు. మొత్తం టర్న్‌ని తిరిగి ఆడే అవకాశం మాత్రం యుద్ధానికి ఒక్కసారే, తొందరపడి వాడెయ్యకు. మొదట్లో ఈజీ మీద ఆడు, అందులో సిగ్గేం లేదు.

చిన్న లోటు ఏంటంటే బిల్డింగ్ మీద దెబ్బపడ్డా ఆగే ఛాన్స్ కొంత శాతం ఉంటుంది, దెబ్బల విషయంలో అదొక్కటే అదృష్టం. నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.


దీపస్తంభం:
అందరూ చెప్పారు కాబట్టి నేను ఒకే ఒక్క గేమ్ గురించి చేతులెత్తి దండం పెట్టి చెప్తున్నా, రిటర్న్ ఆఫ్ ద ఓబ్రా డిన్‌కి మాత్రం గైడ్ ముట్టుకోవద్దు. లూకాస్ పోప్ 2018లో తెచ్చాడు, అంతకుముందు పేపర్స్ ప్లీజ్ చేసింది ఈయనే. ఖాళీగా తిరిగొచ్చిన ఓడ, అందులో ఉండాల్సిన 60 మందిలో ఒక్కొక్కరి పేరేంటి, ఏమయ్యారు అన్నది నువ్వు తేల్చాలి. ముగ్గురి సంగతి సరిగ్గా రాస్తేనే ఆ ముగ్గురినీ ఖాయం చేస్తుంది, కాబట్టి గుడ్డిగా ఊహిస్తూ పోయే దారి ఉండదు. మనిషి వేసుకున్న బట్ట, మాట్లాడే యాస, పక్కన ఎవరు నిలబడ్డారు, అన్నీ పనికొస్తాయి.

నేను ఒక పేరు దగ్గర ఆగి గైడ్ తెరిచా, కంటికి ఆ ఒక్క పేరుతో పాటు కింద ఇంకో ఆరు కనపడ్డాయి. ఆ ఆరుగురినీ నేను కనిపెట్టే అవకాశం ఇక జన్మలో రాదు. రాకెట్‌ని ఇంకోసారి కట్టుకోవచ్చు బ్రో, ఇది ఒక్కసారే. ఔటర్ వైల్డ్స్ కూడా ఇలాంటిదే, 22 నిమిషాలకోసారి అంతా మొదటికొస్తుంది, నీతో మిగిలేది నువ్వు తెలుసుకున్నది మాత్రమే.


రాత్రిబండి:
పది రోజుల తర్వాత వచ్చి రాస్తున్నా.

కొత్త సేవ్‌లో ఆయిల్ దాకా వచ్చేశా. గడులమనిషి బ్రో, పంపుకి ఎలా తెలుస్తుంది అన్నావుగా, ట్యాంకు నుంచి పంపుకి తీగ లాగొచ్చని నాలుగో రోజు దొరికింది. హెవీ ఆయిల్ 20000 దాటితేనే పంపు తెరుచుకుని క్రాకింగ్‌కి (దాన్ని లైట్ ఆయిల్‌గా మార్చడానికి) వదులుతుంది, ట్యాంకులో పట్టేది 25000 కాబట్టి ఎప్పుడూ పూర్తిగా నిండదు, లూబ్రికెంట్‌కి ఎప్పుడూ నిల్వ ఉంటుంది. లైట్ ఆయిల్‌కీ అలాగే పెట్టా. పైపులు ఒకదాని మీదుగా ఒకటి పోయి చూడ్డానికి ఘోరంగా ఉంది, ఆ బ్లూప్రింట్‌కి రెండింతలు చోటు తింటోంది. నిన్న గ్యాస్ ఆగిపోతే రెండు నిమిషాల్లో పట్టేశా, ఒక పంపుకి కరెంటు స్తంభం అందట్లేదు.

ఇన్‌టు ద బ్రీచ్‌లో రెండు ద్వీపాలు గెలిచా, మూడోది పోయింది. ఎందుకు పోయిందో తెలుసు, టర్న్ తిరిగి ఆడే ఆ ఒక్క అవకాశాన్ని రెండో టర్న్‌లోనే వాడేశా. బాబాలో ఆ లెవెల్ ఇంకా అవ్వలేదు, పక్కవాటితో నడిపిస్తున్నా. ఓబ్రా డిన్‌ని సెలవుల కోసం దాచిపెట్టా.

గడులమనిషి బ్రో, ఆ 70 డిగ్రీల వేడిని చివరికి ఎలా దించావో మాత్రం ఇక్కడ రాయకు, నిన్న రాత్రే ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్ కొన్నా.