చర్చ: కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల నిర్వహణకు కనీస ప్రమాణం ఏది కావాలి?

గౌతమి తీరవాసి:
అమెరికాలో 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద కాపాడుతున్న సహజ ప్రాంతాల్లో తన పరిధిలోనివాటికి అక్కడి అటవీశాఖ 2005లో ఒక పదేళ్ల కార్యక్రమం చేపట్టి, పది అంశాలపై మొత్తం వందకు మార్కులు వేసి, కనీసం 60 రావాలని గీత గీసింది. మన దేశంలోనూ 2006 నుంచి రక్షిత ప్రాంతాల నిర్వహణను మదింపు చేస్తున్నారు. అయితే 1978లో ఏర్పడి, 235 చదరపు కిలోమీటర్లు విస్తరించిన కోరింగ అభయారణ్యానికి చుట్టుపక్కల ఊళ్లవారు కూడా చదివి నిలదీయగల కనీస ప్రమాణాలు ఉండాలని నా వాదన.

తాళ్లరేవు పాఠకుడు:
ప్రమాణం ఉండాలన్నదానిపై పేచీ లేదు; మార్కులు దేనికి వేస్తామన్నదే పేచీ. నాటిన మొక్కల లెక్క చూపడం సులువు. కానీ మడ మొక్క బతకాలంటే సముద్రం పొంగే పోటుకు నీరు లోపలికి వచ్చి, వెనక్కి తగ్గే పాటుకు తిరిగి పోవాలి. నిలిచిపోయిన నీరు ఎండకు ఆవిరై ఉప్పు పేరుకున్న నేలలో మడ మొక్కలు సరిగా ఎదగవు. పెద్ద కాలువకు ఇరువైపులా చేప ముల్లులా పిల్ల కాలువలు తవ్వి, వాటి గట్ల వెంట నాటే పద్ధతి ఇక్కడ ఫలించింది అందుకే. ఆ కాలువలు పూడిపోతే పని మళ్లీ మొదటికి వస్తుంది. (నాటిన రోజున ఫొటోల్లో ఉన్నవారు పూడిక తీసే రోజున కనిపించరు. ఇది ఎత్తిపొడుపే, కాదనను.) కనుక మొదటి ప్రమాణం నీటి కదలిక కావాలి. ఏ కాలువ పూడిందో రోజూ పీతల వేటకు వెళ్లే మత్స్యకారుడికి తెడ్డు నేలకు తగలగానే తెలుస్తుంది.

కాకినాడ వాసి:
అదే మత్స్యకారుడికి అడవిలో వేట, వంటచెరకు అవసరాలు కూడా ఉన్నాయి కదండీ. తనిఖీ చేసేవారూ తనిఖీకి లోబడేవారూ ఒకరే అయితే ఆ నమోదును ఎవరు నమ్ముతారు? బావురు పిల్లి, నీటికుక్కల ఉనికిని శిక్షణ పొందిన సిబ్బందే కెమెరాలతో నమోదు చేయాలి.

తాళ్లరేవు పాఠకుడు:
అనుమానం సబబే. జంతువుల లెక్క సిబ్బందికే వదిలేద్దాం. కాలువల లోతును మాత్రం ఊరివారి వనసంరక్షణ సమితి, సిబ్బంది విడివిడిగా రాసి, తేడా వచ్చినచోట పాటు వేళ కలిసి కొలవాలి. అభయారణ్యాల సలహా సంఘంలో పంచాయతీల ప్రతినిధులు ఉండాలని వన్యప్రాణి చట్టమే చెబుతోంది కాబట్టి, రెండు పుస్తకాలూ అక్కడికే చేరాలి. మరో ప్రశ్న: గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట దిగువకు మంచినీరు తగ్గినా, రొయ్యల చెరువుల వ్యర్థజలం పాయల్లో కలిసినా కోరింగ సిబ్బందికి మార్కులు కోయడం న్యాయమా?

గౌతమి తీరవాసి:
న్యాయం కాదు. బయటినుంచి వచ్చే నష్టానికి వేరే పట్టిక ఉండాలి, దానికి జవాబు చెప్పవలసిన శాఖ పేరు పక్కనే రాయాలి. నీటి కదలికను మొదటి అంశంగా ఒప్పుకుంటున్నాను. 60 గీతను మాత్రం వదులుకోను.