టోక్యో పుస్తక సమావేశం: ఎవరు ఏ పని చూస్తారు?

నిర్వాహకురాలు: అందరికీ నమస్కారం. ఈసారి మహిళా విభాగం సమావేశానికి జపాన్ రచయిత్రి యూకో త్సుషిమా నవలిక ‘హికారి నో ర్యోబున్’ ఖాయమైంది. ఇంగ్లీషులో ‘టెరిటరీ ఆఫ్ లైట్’ పేరుతో దొరుకుతుంది. 1978-79లో ‘గున్‌జో’ పత్రికలో నెలకొకటిగా వచ్చిన 12 భాగాలివి. దేనికది విడిగా చదువుకోవచ్చు, తలా ఒకటి పంచుకుందాం. తీరిక లేదన్న సాకు ఇక చెల్లదు!

వేదిక బాధ్యుడు: వార్డు సామాజిక కేంద్రంలో గది దొరికింది. లిఫ్టు ఉంది, పిల్లల బండ్లతో రావచ్చు. పోస్టరు మీద ‘మాతృమూర్తికి వందనం’ అని వేద్దామా అక్కా?

నిర్వాహకురాలు: వద్దు తమ్ముడూ. భర్త నుంచి విడిపోయి, రెండేళ్ల కూతురితో ఒక ఆఫీసు భవనం పై అంతస్తులో అద్దెకు దిగుతుంది ఇందులో కథానాయిక. నాలుగు వైపులా కిటికీలు, ఇల్లంతా వెలుతురు. అయినా పొద్దున నిద్ర లేవలేకపోతుంది, పనికి ఆలస్యంగా వెళ్తుంది, తాగుతుంది, పాప మీద విసుక్కుంటుంది. ఆమెను దేవతను చేస్తే పుస్తకం చదవనట్టే. పోస్టరు మీద పేరు, వేళ, చోటు చాలు.

పఠన బృందం: నాకు నీళ్ల భాగం ఇవ్వండి. కింద నీళ్లు కారుతున్నాయని గొడవకు వస్తారు, తీరా చూస్తే మేడ మీద నీళ్లు నిలిచి ఉంటాయి. తల్లీకూతుళ్లకు అది సముద్రం! జపనీస్‌లో ఒక పేరా కూడా చదువుతాను. రచయిత్రి పరిచయంలో తండ్రి, ప్రసిద్ధ నవలాకారుడు ఒసాము దజాయి గురించి ఎంత చెప్పాలి?

నిర్వాహకురాలు: ఒక్క వాక్యం. 1948లో ఆయన పోయేనాటికి ఆమెకు ఏడాది. పరిచయం మాత్రం ఆమె రచనలతోనే మొదలుపెట్టండి.

పిల్లల బాధ్యురాలు: ఒరిగామికి, అంటే మడతపెట్టి బొమ్మలు చేయడానికి, రంగు కాగితాలు తెస్తాను. కిటికీలు మూసే ఉంచుతాను సుమా, పుస్తకంలో పాప రంగు కాగితాలన్నీ పక్కింటి కప్పు మీదకు వదిలేసింది! పిల్లలను చూసేవారు ఇంకా ఇద్దరు కావాలి. ఒంటరిగా పిల్లలను పెంచుతున్నవారు రావాలంటే ముందు ఈ ఏర్పాటు కుదరాలి.

వేదిక బాధ్యుడు: మనలో విడిపోయినవారిని అనుభవాలు చెప్పమని అడగాలా?

నిర్వాహకురాలు: అడగొద్దు. చెప్పాలనిపిస్తే వారే చెబుతారు. చట్టం గురించి మాత్రం ఎవరైనా ఐదు నిమిషాలు మాట్లాడండి. జపాన్‌లో విడాకుల తర్వాత పిల్లల మీద హక్కు ఒక్కరికే దక్కేది. 2024లో చట్టం సవరించారు, ఉమ్మడి హక్కుకు 2026 ఏప్రిల్ 1 నుంచి వీలు కల్పించారు. కథానాయిక కుటుంబ న్యాయస్థానం మెట్లు ఎక్కే భాగం దగ్గర ఇది చెబితే బాగా అతుకుతుంది.

పఠన బృందం: అది నేను చెబుతాను. పకోడీలు ఎవరివి?

వేదిక బాధ్యుడు: నావి. గదిలో పొయ్యి వెలిగించనివ్వరు, ఇంట్లోనే చేసి తెస్తాను. ఎవరెవరికి ఏ భాగమో శుక్రవారంలోగా ఇక్కడే రాయండి.